ఉడకబెట్టిన ఫిల్టర్

ఆ పళ్ళాసుపత్రిలో ఆయన్ని అందరూ ఆవిరి మావయ్య అనేవారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు హాజరు పట్టీలో ఉండేదంతే, పిలిచేవాడు లేడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆయన పని ఒక్కటే. రోగుల నోళ్ళలో తిరిగొచ్చిన పటకార్లు, చిన్న అద్దాలు, వంకర సూదులు తెచ్చి, బ్రష్షుతో తోమి, ఆరబెట్టి, కాగితం సంచుల్లో పెట్టి అంటించి, వెనక గదిలో ఉన్న ఆవిరిపెట్టెలో పేర్చి మూత బిగించడం. పెట్టెలోంచి బయటికి వచ్చేసరికి, ఆవిరి సరిగ్గా పట్టిందనడానికి గుర్తుగా సంచి మీది టేపుకు నల్లచారలు తేలాలి. తేలకపోతే ఎంతమంది రోగులు నోళ్ళు తెరుచుకుని కూర్చున్నా సరే, మళ్ళీ మొదటికి. "నా హయాంలో ఒక్కడి చిగురు చీము పట్టలేదు" అని వారానికోసారైనా అనేవాడు. వినేవాళ్ళు లేకపోతే పెట్టెకే చెప్పుకునేవాడు.

ఇంత శుభ్రమైన మనిషితో కాపురం చేయడం ఎలా ఉంటుందో ఆయన భార్యను అడగాలి. గరిటె మరిగించు, గ్లాసు మరిగించు, దువ్వెన మరిగించు. "నన్ను కూడా ఓసారి మరిగించేయండి, పీడా వదిలిపోతుంది" అనేది ఆవిడ. "మీరు ఆసుపత్రిలో ఉండే ఆ ఎనిమిది గంటలే నాకు ఊపిరి. మీరు పని మానేసిన రోజున నేను మా చెల్లెలింటికి వెళ్ళిపోతా, ఇప్పుడే చెబుతున్నాను." నవ్వుతూనే అనేది కానీ, ఆ మాట సగం నిజమని ఆయనకూ తెలుసు. అందుకే జ్వరమొచ్చినా సెలవు పెట్టేవాడు కాదు.

పెద్ద డాక్టరుగారు వయసు మీదపడి ఆసుపత్రిని అల్లుడికి అప్పజెప్పారు. అప్పజెబుతూ అందరి ఎదుటా ఒక మాట అన్నారు. "ఏమైనా మార్చుకో. ఆవిరి మావయ్య జోలికి మాత్రం వెళ్ళకు. తనంతట తను మానేస్తే తప్ప, లేదా క్షమించలేని తప్పేదైనా చేస్తే తప్ప." మావయ్య కళ్ళు చెమర్చాయి. అల్లుడుగారు తలూపాడు. ఆ తలూపడంలో ఏముందో అప్పుడెవరు చూశారు?

చిన్న డాక్టరు వచ్చిన నెలకే పటకార్లు శుభ్రం చేసే పనిని బయటి కంపెనీకి ఇచ్చేశాడు. పొద్దున్నే వ్యాను వస్తుంది, సీలు వేసిన పెట్టెలు దింపుతుంది, వాడినవి ఎక్కించుకుని పోతుంది. ఆవిరిపెట్టె చల్లబడింది. మావయ్య దాని పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. అలా తొమ్మిది నెలలు కూర్చున్నాడు. ఒక్కనాడూ చిన్న డాక్టరు విసుక్కోలేదు, అది ఒప్పుకోవాలి. అతనికి విసుక్కోవడం రాదు. "కూర్చోండి మావయ్యా, కూర్చోండి. ఇన్నాళ్ళూ నిలబడ్డారుగా" అనేవాడు. కుర్చీలో ఉన్న రోగికి చూపించి, "మా ఆసుపత్రిలో అన్నిటికన్నా పాత పరికరం ఇదే. ఇంకా ఆన్ అవుతుంది కానీ పనిచేయదు" అనేవాడు. నోట్లో దూది పెట్టుకుని కూడా రోగులు నవ్వేవారు. మావయ్య కూడా నవ్వేవాడు. ఏం చేస్తాడు మరి, ఏడుస్తాడా?

ఒకరోజు రోగులు వేచి ఉండే గదిలోకి నాలుగడుగుల గాజుతొట్టి దిగింది. చేపల్ని చూస్తుంటే పళ్ళు పీకించుకునే భయం తగ్గుతుందని చిన్న డాక్టరు ఎక్కడో చదివాడట. మావయ్యను పిలిచి, కౌంటర్లో కూర్చునే అమ్మాయి ముందు, ఇద్దరు రోగుల ముందు భుజం మీద చెయ్యి వేశాడు.

"దీని బాధ్యత మీదే మావయ్యా. ఫిల్టరు కూడా మీరే ఎంచి తెండి. శుభ్రత సంగతి మీకంటే తెలిసినవాళ్ళు ఈ వీధిలో లేరు కదా. ఈ చేపలు బతికినన్నాళ్ళు మీరూ ఉంటారు. సరేనా?"

అందరికంటే ముందు నవ్వింది కౌంటర్లో అమ్మాయి. ఆ అమ్మాయి ఎవరో కాదు, మావయ్య భార్యకు చెల్లెలి కూతురే. పెద్ద డాక్టరుగారి కాళ్ళావేళ్ళా పడి ఆమెను ఆ కుర్చీలో కూర్చోబెట్టింది ఈయనే. పెదనాన్నకు పని దొరికిందని పాపం సంతోషపడి నవ్విందనుకుందాం. మావయ్యకు మాత్రం గుండెల్లో రాయి పడింది. తొమ్మిది నెలలుగా ఎదురుచూస్తున్న మాట ఇన్నాళ్ళకు వచ్చింది. చేపలు చస్తే తను బయటికి, అంతే.

చేపల షాపు పక్క వీధిలోనే ఉంది. లోపల అడుగుపెట్టగానే మావయ్య జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. నాచు వాసన, తడి నేల, గోడల నిండా తొట్లు. షాపాయన ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని, ఓ తొట్టిలోంచి గోధుమరంగు స్పాంజి తీసి పిండుతున్నాడు. నలభై ఏళ్ళుంటాయి, మంచి మాటకారి. ఎంత పెద్ద తొట్టో, ఎక్కడ పెడతారో, ఎన్ని చేపలో అన్నీ అడిగి మూడు రకాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఇది స్పాంజి ఫిల్టరు. గాలి పంపుకు తగిలిస్తే చాలు. మొరటుగా ఉంటుంది కానీ చేపలకు ఇంతకంటే మేలు చేసేది లేదు."

"చప్పుడు చేస్తుందా?"

"బుడబుడమంటుంది."

"మా డాక్టరుకు చప్పుడు పడదు."

"అయితే ఇది. తొట్టి అంచుకు తగిలిస్తాం. నీళ్ళు పీల్చి, లోపల వడగట్టి, జలపాతంలాగా మళ్ళీ తొట్టిలోకి పోస్తుంది."

"పళ్ళు పీకించుకోడానికి వచ్చినవాళ్ళు ఆ చప్పుడు వింటూ కూర్చుంటే బాత్రూం ముందు వరస కడతారయ్యా."

షాపాయన పకపకా నవ్వి మూడోది ముందుకు జరిపాడు. దాన్ని చూడగానే మావయ్య రుమాలు తీసేశాడు. గుండ్రటి డబ్బా. పైన మూత. మూతకు నాలుగు క్లిప్పులు. మూత అంచున రబ్బరు రింగు. లోపల ఒకదాని మీద ఒకటి అరలు. ఒక అరలో స్పాంజి, ఒక అరలో పింగాణీ రింగులు. అచ్చంగా ఆవిరిపెట్టెకు తమ్ముడు! మూత తీశాడు, వేశాడు, క్లిప్పు టక్కున బిగించాడు. ఆ టక్కు వినగానే తొమ్మిది నెలల బరువు దిగిపోయినట్టయింది. ఏది మంచిదో, ఏది తనకు చేతనవుతుందో ఆయన చూడలేదు. తన పెట్టెలాగా ఉంది, అంతే చూశాడు. చాలామంది పెళ్ళిళ్ళు కూడా అలాగే చేసుకుంటారు, ఆయన్ని అని ఏం లాభం?

"ఇదే" అన్నాడు.

"మంచిదే సార్. తొట్టి కింద అల్మారాలో పెట్టి గొట్టాలు తగిలించుకోవచ్చు, చప్పుడుండదు. కానీ ఒక్క పని చేస్తాను. నా పాత స్పాంజి ముక్క ఒకటి ఇందులో వేసి పంపిస్తాను." చేతిలో ఉన్నది చూపించాడు. జిగటగా, గోధుమరంగులో కారుతోంది. "ఈ మురికి ఉంది చూశారూ, అసలు ఫిల్టరు ఇదే సార్. డబ్బా ఉత్త గిన్నె. ఇందులో ఉండే క్రిములే..."

క్రిములు అన్నాడో లేదో మావయ్యకు ఒళ్ళు మండింది.

"ఆసుపత్రికి పంపే సామానులో క్రిములు వేసి పంపుతావా? నీకు బుద్ధుందా? నేనెవరో తెలుసా? క్రిముల సంగతి నాకు చెప్పడానికి వచ్చావా నువ్వు?"

"అది కాదు సార్, ఒక్క మాట వినండి..."

"కొత్తది, సీలు తీయనిది ఇవ్వు. నీ పెంట నీ దగ్గరే ఉంచుకో."

షాపాయన సీలు తీయని డబ్బా ఇచ్చాడు. కానీ మనిషి మంచివాడు, మనసు ఊరుకోలేదు. మర్నాడు ఆసుపత్రికి ఫోన్ చేసి చిన్న డాక్టరుతోనే మాట్లాడాడు. అప్పుడు మావయ్య గుమ్మంలోనే ఉన్నాడు. డాక్టరు, "అలాగా... ఓహో... అది నాకు తెలియదే... అలాగే" అంటూ విని ఫోన్ పెట్టేశాడు.

"షాపాయన మావయ్యా. మీకేదో చెప్పబోతే తిట్టి పంపేశారటగా?"

"మురికి కొట్టు బాబూ వాడిది."

"సరేలెండి. మీ పని మీకు తెలియదూ?" అని నవ్వుతూ లోపలికి వెళ్ళాడు.

మొదట ఐదు చిన్న చేపలు వేశారు. నీళ్ళు తెల్లగా పాలవిరుగుడులా మారి, వారం పది రోజులకు తేటపడ్డాయి. నెలన్నర తర్వాత పెద్దవి ఆరు వచ్చాయి, నారింజ రంగువి, తోకలు పరికిణీల్లా ఊపుకుంటూ తిరిగేవి. మొత్తం పదకొండు. మావయ్య రాగానే సంచి పక్కన పెట్టి లెక్కపెట్టేవాడు. పదకొండు ఉంటే ఆ రోజు గడిచినట్టే. వారానికోసారి కొన్ని నీళ్ళు తీసి కొత్తవి పోసేవాడు, గాజు తుడిచేవాడు. రోగులు ఆయన్ని ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు. ఇది ఆడదా మగదా అని ఒకరు, నిద్రపోతుందా అని ఒకరు. తెలిసినవాటికి జవాబు చెప్పేవాడు, తెలియనివాటికి ఇంకా గట్టిగా చెప్పేవాడు. ఇంటికెళ్ళి భార్యకు చేపల కబుర్లు చెప్పేవాడు. "మనిషి మళ్ళీ మనిషయ్యాడే" అని ఆవిడ చెల్లెలికి ఫోన్లో చెప్పింది.

మూడో నెలలో ఫిల్టరులోంచి వచ్చే ధార సన్నబడింది. మావయ్య డబ్బా ఆపి, క్లిప్పులు తీసి, మూత ఎత్తాడు.

తన డబ్బాలో, సీలు విప్పి తను బిగించిన డబ్బాలో, ఆ షాపాయన స్పాంజికి పట్టిందే పట్టింది! అదే గోధుమరంగు, అదే జిగట. తెల్లటి పింగాణీ రింగులు బురదలో పొర్లినట్టున్నాయి. ఈ మురికిలోంచి వెళ్ళిన నీళ్ళనా తన చేపలు తాగుతున్నది? తల తీసేసినట్టయింది ఆయనకు. ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూశాడు.

వెనక గదిలోకి పట్టుకెళ్ళాడు. కుళాయి కింద స్పాంజిని తెల్లగా అయ్యేదాకా ఉతికి, మరిగే నీళ్ళలో ముంచాడు. రింగుల్ని ఒక్కోదాన్నీ బ్రష్షుతో తోమి, ఆరబెట్టి, మిగిలిపోయిన పాత కాగితం సంచుల్లో పెట్టి అంటించాడు. ఏడాదిగా చల్లగా పడున్న ఆవిరిపెట్టెలో నీళ్ళు పోసి స్విచ్చి వేశాడు. పెట్టె మూలుగుతూ వేడెక్కింది. ఆ వాసనకు ఆయన ముఖం విచ్చుకుంది, పదేళ్ళు చిన్నవాడయ్యాడు.

మూత వేయబోతుంటే గుమ్మంలో చిన్న డాక్టరు నిలబడి ఉన్నాడు. సంతకం కోసం ఫైలు పట్టుకుని కౌంటర్లో అమ్మాయి అతని వెనకే ఉంది.

"ఏం చేస్తున్నారు మావయ్యా?"

"ఫిల్టరు మురికి పట్టింది బాబూ. ఆవిరి పెడుతున్నాను. ఒక్క క్రిమి మిగలదు."

చిన్న డాక్టరు కాసేపు ఆ సంచుల వంక చూశాడు. మావయ్య వంక చూశాడు. తర్వాత ఎంతో ఆదరంగా అన్నాడు.

"శభాష్. మీలాంటివాళ్ళు ఇప్పుడు లేరు మావయ్యా. పనిలో పనిగా తొట్టి అడుగున గులకరాళ్ళున్నాయి కదా, అవి కూడా పెట్టేయండి. చేసేది సగం చేయడం ఎందుకు?"

తొమ్మిది నెలలు, మళ్ళీ ఆ పైన మూడు నెలలు, ఏడాదిలో అతని నోటి వెంట వచ్చిన మొదటి మెచ్చుకోలు అది. మావయ్య "అలాగే బాబూ" అన్నాడు. గులకరాళ్ళన్నీ జల్లెడతో తీసి, కడిగి, నాలుగు విడతలుగా ఆవిరి పెట్టాడు. ప్రతి సంచి మీదా నల్లచారలు నిండుగా తేలాయి.

మొదటి రోజు నీళ్ళు అద్దంలా ఉన్నాయి. అందరూ మెచ్చుకున్నారు. రెండో రోజు చేపలు మేత ముట్టలేదు. మూడో రోజు పదకొండూ పైకి తేలి నోళ్ళు తెరుచుకుని గుటకలు వేశాయి. ఇంకా ఎక్కడో మురికి మిగిలిందనుకున్నాడు పిచ్చివాడు. మళ్ళీ డబ్బా విప్పి, మళ్ళీ అన్నీ ఆవిరి పెట్టాడు. నాలుగో రోజు మూడు చచ్చాయి, ఐదో రోజు ఐదు. పన్నునొప్పితో వచ్చిన ఓ పిల్ల తొట్టి చూసి ఏడుపందుకుంటే వాళ్ళమ్మ వేరే ఆసుపత్రికి తీసుకుపోయింది. మావయ్య చిన్న వలతో చచ్చినవాటిని ఒక్కొక్కటే తీసి కాగితంలో చుట్టాడు. చూడలేక కౌంటర్లో అమ్మాయే షాపాయనకు ఫోన్ చేసింది.

అతను వచ్చీ రాగానే చిన్న సీసాలో తొట్టి నీళ్ళు పట్టి నాలుగు చుక్కల మందు వేశాడు. విషం మితిమీరిందని చెబుతూ నీళ్ళు చిక్కటి ఆకుపచ్చకు తిరిగాయి. డబ్బా విప్పి, ఒక రింగు తీసి, గోటితో గీకి వాసన చూశాడు.

"దీన్నెవరు ఉడకబెట్టారు?"

అందరి చూపూ మావయ్య వైపే తిరిగింది.

"చేపల మలంతో నీళ్ళు విషమైపోతాయి మావయ్యా. ఆ విషాన్ని తినేది ఆ బురదలో ఉండే క్రిములే. మూడు నెలలు పట్టింది అవి పెరగడానికి. రింగుల మీదవి చంపారు. సరే, రాళ్ళ మీదివైనా కొన్ని మిగులుతాయనుకుంటే..." వంగి తొట్టి అడుగు చూశాడు. "రాళ్ళు కూడానా! అయ్యో, రాళ్ళెందుకు ఉడకబెట్టారయ్యా? కుళాయి నీళ్ళలో కూడా కడగొద్దని, తొట్టి నీళ్ళలోనే జాడించమని డాక్టరుగారికి ఫోన్లో మరీ మరీ చెప్పానే!"

మావయ్య తలెత్తి చిన్న డాక్టరు వంక చూశాడు. అప్పుడు అర్థమైంది ఆయనకు. గుమ్మంలో ఆ నిలబడటం, ఆ శభాష్, ఆ గులకరాళ్ళు, అన్నీ.

"చెప్పారా? గుర్తులేదండీ. రోజుకు ఎన్ని ఫోన్లో" అన్నాడు చిన్న డాక్టరు. అంటూనే తన ఫోన్ తీసి మామగారికి కలిపి, అందరికీ వినపడేలా బల్ల మీద పెట్టాడు. "మావయ్యగారూ, ఒక చిన్న ఇబ్బంది వచ్చింది. ఇవాళ చేపలు పోయాయి, పోనీయండి. ఏం చేస్తున్నాడో తెలియకుండా చేసే మనిషిని రోగులున్న చోట ఉంచాలా అని నా భయం. మీరే అడగండి."

"ఏమయ్యా" అంది పెద్ద డాక్టరుగారి గొంతు. "ఏం చేశావు?"

ఆ గొంతు వినగానే మావయ్యకు ప్రాణం లేచొచ్చింది. తనను ఎరిగిన మనిషి ఇంకా ఒకరున్నారు.

"ఫిల్టరు ఆవిరి పెట్టానండి. నాదే తప్పండి. కానీ చిన్న డాక్టరుగారు చూస్తూనే ఉన్నారండి. వద్దనలేదు. రాళ్ళు కూడా పెట్టమన్నది ఆయనేనండి. ముందే అన్నీ తెలిసి పెట్టమన్నారండి."

"మా అల్లుడా?"

"అవునండి. మా అమ్మాయి పక్కనే ఉంది, విన్నది." కౌంటర్ వైపు తిరిగాడు. "చెప్పమ్మా. నువ్వు విన్నావు కదూ?"

చిన్న డాక్టరు కూడా తిరిగి ఆ అమ్మాయి వంక చూశాడు. నవ్వు ముఖంతోనే చూశాడు. ఆ అమ్మాయి తెరిచి ఉన్న రిజిస్టరులో ఎవరి పేరో వెతుకుతున్నట్టు వేలు కిందికి జరుపుకుంటూ పోయింది.

"నేను ఫైలు చూసుకుంటున్నాను పెదనాన్నా. నాకేం వినపడలేదు."

ఫోన్లోంచి మళ్ళీ ఆ గొంతు వచ్చింది, ఈసారి బాగా అలసిపోయినట్టు.

"ఇరవై ఎనిమిదేళ్ళు క్రిముల గురించి నాకే పాఠాలు చెప్పావు నువ్వు. ఇవాళ ఎవరో పెట్టమంటే పెట్టానంటావా? చేపలు చచ్చినందుకు కాదయ్యా నా బాధ. తప్పు చేసి నా అల్లుడి మీదికి తోస్తున్నావు చూడు, అందుకు. ఇంక చాలు. ఇంటికి వెళ్ళిపో."

ఫోన్ ఆగిపోయింది. "పాపం, ఆయన మనసు నొచ్చుకున్నట్టుంది" అన్నాడు చిన్న డాక్టరు. "నింపాదిగా బయల్దేరండి మావయ్యా, తొందరేం లేదు" అని, తర్వాతి రోగిని లోపలికి పిలిచాడు.

మిగిలిన మూడు చేపల్నీ షాపాయన నీళ్ళ సంచిలో పట్టి వీధిలోకి దిగాడు. మావయ్య తన సంచి తీసుకుని అతని వెనకే దిగాడు. ఇంటికి పోవాలంటే ఎడమకు తిరగాలి. ఆయన తిరగలేదు. భార్య ముఖం కళ్ళలో మెదిలింది. మలుపు దగ్గర అతన్ని అందుకున్నాడు.

"అవి బతుకుతాయా?"

"ఇప్పుడే నా తొట్లో వేస్తే బతకొచ్చు."

మావయ్య నాలుగడుగులు పక్కపక్కనే నడిచాడు. నోరు తెరవడానికి ఆయనకు ఎంత కష్టమైందో చెప్పలేం. తనకు పని కావాలని ఒకరిని అడిగి ఇరవై ఎనిమిదేళ్ళయింది.

"నీ దగ్గర ఏమైనా పనుందా బాబూ? నీళ్ళు మారుస్తాను. తొట్లు తుడుస్తాను. నువ్వు ఎలా చెబితే అలా చేస్తాను, ఎదురు మాట్లాడను."

షాపాయన ఆగాడు. ఆయన చేతుల వంక చూశాడు. వేడినీళ్ళకు పగిలి, గోళ్ళు తెల్లగా, మందు సబ్బు వాసన కొడుతున్న చేతులు. అతనికీ జాలేసింది, వేయక కాదు.

"ఏమీ అనుకోకండి మావయ్యా. ఆ చేతులు నా తొట్లలో పెట్టనివ్వలేను" అన్నాడు.

చేపలకు గాలి చాలదని గబగబా నడిచి వెళ్ళిపోయాడు.